హన్మకొండల కూసోని జమైకా ఓట్లు లెక్కపెట్టుడెట్ల

2016 ఫిబ్రవరి 26, శుక్రవారం. పొద్దున ఆరున్నరకు మా మేనల్లుడు కింగ్‌స్టన్ నుంచి ఫోన్ చేసిండు. వాడు అక్కడ ఒక మందుల కంపెనీల లెక్కలు చూస్తడు. పోయి అప్పటికి ఎనిమిది నెలలే. "మామా, ఇక్కడ ఓట్లు అయినయి. ఎవరు గెలిచిండ్రో సమజైతలేదు. ఒకడు ముప్పై మూడు సీట్లంటడు, ఒకడు ఆగుమంటడు. రేపు ఆఫీసుకు పోవాల్నా, ఇంట్లనే ఉండాల్నా? నువ్వు గిన్ని ఎలక్షన్ డ్యూటీలు చేసినోనివి, జర చూసి చెప్పరాదు" అన్నడు.

నాకు జమైకా అంటే క్రికెట్ ఆటగాళ్ళు హోల్డింగ్, వాల్ష్, చిన్నప్పుడు రేడియోల విన్న సబీనా పార్క్ మైదానం. అంతకు మించి సున్న. కానీ ముప్పై రెండేండ్లు సర్కారు బడుల లెక్కలు చెప్పిన, ప్రిసైడింగ్ ఆఫీసర్‌గ పదకొండు సార్లు పోయిన. అసొంటోడు "తెల్వదు బిడ్డా" అంటే పరువేం గావాలె? మనుమరాలి రఫ్ నోటుబుక్కు గుంజుకొని కూసున్న. ఆనాటి నుంచి ఆ కరీబియన్ దిక్కు ఎక్కడ పోటాపోటీ ఎన్నికలొచ్చినా నోటుబుక్కు తీసుడు అలవాటైంది. మా కాలనీల రెండిండ్లోళ్ళు పిల్లలను గయానాకు, బార్బడోస్‌కు డాక్టర్ చదువులకు పంపిండ్రు. ఎలక్షన్లు అనంగనే "సారూ, ఏమన్న గడబిడ అయితదా" అని వాళ్ళు నా దగ్గరికే వస్తరు. అందరికీ నోటితోని చెప్పుడు కష్టమైతున్నది. అందుకే రాస్తున్న.

మొదలు అలారం సంగతి. జమైకా మనకన్న పదిన్నర గంటలు ఎనుక. అక్కడ పోలింగు పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాంక. వాళ్ళకు సాయంత్రం 5 అంటే మనకు తెల్లారితే మూడున్నర. ట్రినిడాడ్, గయానా తొమ్మిదిన్నర గంటలు ఎనుక, కానీ అక్కడ పోలింగు 6 గంటలకు బందైతది. అది సుతం మనకు మూడున్నరే! ఈ లెక్క కుదిరిన రోజు నేను ఒక్కణ్ణే నవ్వుకున్న. కాబట్టి ఏ దేశమైనా మూడున్నరకు అలారం పెట్టుకొని, లేవంగనే మళ్ళ పండుకోండి. ఐదింటి దాంక నమ్మదగ్గ అంకె ఏదీ రాదు. పాల ప్యాకెట్లొచ్చే యాళ్ళకు లేస్తే సరిపోతది. తేదీ మాత్రం మర్చిపోవద్దు. వాళ్ళ గురువారం ఓట్లు మన శుక్రవారం పొద్దున లెక్కకొస్తయి.

ఎన్నికలు ఎప్పుడన్నది కూడ మనలాగ ముందుగాల్నే తెల్వది. ప్రధాని ఎప్పుడంటే అప్పుడు. 2016ల ప్రధాని పోర్షియా సింప్సన్ మిల్లర్ పార్టీ సభల నిలబడి తేదీ చెప్పేసింది. జూన్ నుంచి నవంబర్ దాంక తుఫాన్ల కాలం. 2007ల డీన్ తుఫాను కొట్టి ఆగస్టు 27న జరగాల్సిన పోలింగు సెప్టెంబర్ 3కు పోయింది. కాబట్టి ఒక రోజు పట్టుకొని లీవు పెట్టుకోకండి.

ఇగ అసలు పని. ఒక లాంగ్ నోటుబుక్కు తీస్కొని రెండు పేజీలు కలిపి గడులు కొట్టండి. మొదటి గడిల నియోజకవర్గం పేరు. రెండో గడిల పోయినసారి ఎవరు, ఎన్ని ఓట్లతోని గెలిచిండ్రు. మూడో దాంట్ల ఆ రాత్రి వచ్చే తొలి లెక్క. నాలుగోది తుది లెక్క, అంటే రిటర్నింగ్ ఆఫీసర్ తర్వాతి రోజుల్ల పెట్టెలు తెరిచి మళ్ళ చూసుకునేది. ఐదోది కోర్టు లెక్క. ఓడినోడు ఒప్పుకోకపోతే జడ్జి ముంగట ఒక్కొక్క కాయితం చూపెట్టి లెక్కపెడ్తరు, దాన్ని మేజిస్టీరియల్ రీకౌంట్ అంటరు. మూడో గడి, నాలుగో గడి పెన్సిల్‌తోనే రాయాలె. ఐదో గడి నిండితేనో, గడువు దాటి ఎవరూ కోర్టుకు పోకపోతేనో అప్పుడు ఇంకు పెన్ను. నా పద్ధతంతా గింతే, మిగిలినవి దీని చుట్టూ తిరిగే ముచ్చట్లే.

పెన్సిల్ ఎందుకంటే చెప్తా. అక్కడ ఈవీఎంలు లేవు, కాయితం ఓట్లు. మనలాగ డబ్బాలు సీలు వేసి, స్ట్రాంగ్ రూంల పెట్టి, పోలీసులను కావలి ఉంచి, వారాల తర్వాత ఏనుమాముల మార్కెట్ గోదాముల రౌండ్లు రౌండ్లుగ లెక్కపెట్టుడు ఉండదు. పోలింగు బందు కాంగనే ఆ బూతులనే ప్రిసైడింగ్ ఆఫీసర్ పెట్టె ఒలకబోసి, ఏజెంట్ల ముంగట లెక్కపెట్టి చెప్పాలె. పొద్దటి సంది కూసోని నడుం విరిగినోడు, రాత్రి ఓట్లు కూడ ఎంచాలె! నేనైతే ఆ ఉద్యోగానికి దండం పెడ్తుండె. కాకపోతే ఫలితం మాత్రం మూడు నాలుగు గంటలల్ల వచ్చేస్తది. దాంట్ల తప్పులు పడుడు వింత కాదు.

నాకే అయ్యింది. ఒకసారి పరకాల దిక్కు ఒక ఊరి బడిల డ్యూటీ. మాపటికి రిజిస్టర్ల సంతకాలు 812, మిషన్ల ఓట్లు 811. ఏజెంట్లు నా ముఖం దిక్కు, నేను మిషన్ దిక్కు చూసుడు. పొద్దున ఒక ముసలాయన సంతకం పెట్టి, వేలికి సిరా పెట్టించుకొని, "నాకు ఎవ్వడూ నచ్చలే" అని ఎల్లిపోయిండు. ఆ ముచ్చట రిమార్కుల గడిల రాయాలె, నేను రాయలే. ఆ ఒక్క గీత తప్పినందుకు ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నింపుడు ఆలస్యమైంది, బస్సు నా ఒక్కని కోసం ఆగింది, సామాను అప్పజెప్పే వరకు అర్ధరాత్రి దాటింది. బస్సుల తక్కిన టీచర్లు తిట్టిన తిట్లు ఇంక యాదికున్నయి. మిషన్ ఉండంగనే నేను ఒక్క ఓటు కాడ గట్ల తన్నుకులాడిన. చేతితోని ఎంచేటోళ్ళ సంగతి మీరే ఆలోచించుండ్రి.

గడులు కొట్టినంక గట్టి సీట్లన్నిటినీ గీత కొట్టేయాలె. జమైకాల రెండే పెద్ద పార్టీలు. జమైకా లేబర్ పార్టీ ఆకుపచ్చ, గుర్తు గంట. పీపుల్స్ నేషనల్ పార్టీ నారింజ, గుర్తు తలకాయ. లేబర్ అన్న పేరు చూసి ఎర్రజెండా పార్టీ అనుకునేరు! అది వ్యాపారస్తుల మొగ్గున్న పార్టీ. ఒకలనొకలు "కామ్రేడ్" అని పిలుచుకునేది నారింజోళ్ళు. వరంగల్ల పుట్టి పెరిగినోన్ని కాబట్టి నాకు ఇది గమ్మత్తనిపించింది. కింగ్‌స్టన్ల కొన్ని వాడలు తరాల సంది ఒకే పార్టీయి. వాటిని గ్యారిసన్లు అంటరు. టివోలి గార్డెన్స్ ఉన్న వెస్ట్ కింగ్‌స్టన్ లేబర్ పార్టీది, పోర్షియా గెలిచిన సౌత్ వెస్ట్ సెయింట్ ఆండ్రూ నేషనల్ పార్టీది. ఆ వాడల పగల చరిత్ర నవ్వులాట కాదు. 1980 ఎన్నికల ఏడు 800 మంది దాంక సచ్చిండ్రు. ఇప్పుడు అంత లేదు గానీ, మా వాడు "ఇంట్లనే ఉండాల్నా" అని అడుగుడు ఊరికె కాదన్నట్టు. అసొంటి సీట్లు, పోయినసారి వేలల్ల తేడాతోని గెలిచిన సీట్లు తీసేస్తే చేతిల పది పదిహేను మిగులుతయి. రాత్రంతా చూడాల్సింది వాటినే.

ఎందుకంటే అక్కడ సీట్లు చిన్నయి. 2016ల జమైకా మొత్తం ఓటర్లు సుమారు 18 లక్షలు, సీట్లు 63. భాగిస్తే సీటుకు 29 వేల కంటె తక్కువ. దాంట్ల ఓటేసినోళ్ళు సగం కూడ లేరు. అంటే ఒక సీటుల పద్నాలుగు వేల ఓట్లు పడ్డయనుకోండి. మన అసెంబ్లీ సీటుల రెండు లక్షల పైన ఓటర్లుంటరు, అయినా 2018ల ఆసిఫాబాద్ 171 ఓట్లతోని, ధర్మపురి 441 ఓట్లతోని తేలినయి. పద్నాలుగు వేల కాడ తేడా ఎంతకు దిగుతదో మీరే లెక్కేసుకోండి.

తర్వాత ఎన్ని సీట్లొస్తే సర్కారు అన్న అంకెను పేజీ పైన పెద్దగ రాసుకోవాలె. ఇది చిన్న పిల్లగాని లెక్క అనుకుంటరు, కాదు. జమైకాకు ముందు 60 సీట్లుండె. 2011 ఎన్నికల కాంచి 63 చేసిండ్రు. బేసి సంఖ్య అయితే రెండు పార్టీలకు సమానంగ వచ్చే గండం తప్పుతది. ఆ గండం ఎట్లుంటదో ట్రినిడాడ్ చూసింది. అక్కడ సీట్లు 36. 2001 డిసెంబర్ 10న ఓట్లయితే బాస్‌దేవ్ పాండే పార్టీ యూఎన్సీకి 18, పాట్రిక్ మానింగ్ పార్టీ పీఎన్‌ఎంకు 18! ప్రెసిడెంట్ ఏ.ఎన్.ఆర్. రాబిన్సన్ ఎవరిని పిలిస్తే వాళ్ళదే అని ఇద్దరు లీడర్లు ముందుగాల ఒప్పుకున్నరు. ఆయన డిసెంబర్ 24న నైతిక, ఆధ్యాత్మిక విలువల మాట చెప్పి మానింగ్‌ను పిలిచిండు. అప్పటిదాంక ప్రధానిగ ఉన్న పాండేకు మండింది. తర్వాత పార్లమెంటు కూసుంటే స్పీకర్‌నే ఎన్నుకోలేకపోయిండ్రు, ఎటు చూసినా 18కి 18. ఆఖరికి 2002 అక్టోబర్ 7న మళ్ళ ఎన్నికలు పెడ్తే మానింగ్‌కు 20, పాండేకు 16 వచ్చినయి. తర్వాత సీట్లను 41 చేసుకున్నరు, బేసి సంఖ్యే. సరి సంఖ్య సీట్లున్న దేశం కనబడితే మీ నోటుబుక్కుల ప్రెసిడెంట్ పేరు కూడ రాసుకోండి, పనికొస్తది.

బేసి సంఖ్య ఉంటే మాత్రం లొల్లి ఉండదా? గయానా ముచ్చట వినండి. నేను బడిల ఉన్నన్నాళ్ళల్ల ఇసొంటి ప్రశ్న దొరికితే పదో తరగతి పేపర్ల ఇస్తుంటి. అక్కడ 65 సీట్లు. 2018 డిసెంబర్ 21న సర్కారు మీద అవిశ్వాసం పెట్టిండ్రు. సర్కారు పక్షం సభ్యుడు చరణ్‌దాస్ పర్సాద్ ఎదురు పక్షానికి ఓటేసిండు. 33కు 32, సర్కారు ఓడింది. మన వాజ్‌పేయి 1999ల ఒక్క ఓటుతోని పోయిన కథే. కానీ కొన్నొద్దులకు సర్కారోళ్ళు కొత్త లెక్క తెచ్చిండ్రు. 65ల సగం ముప్పై రెండున్నర. అర మనిషి ఉండడు కాబట్టి 33 అనుకోవాలె. సగం మీద ఒకటి ఉంటేనే మెజారిటీ, అంటే 34 కావాలె, 33 సాలదు అన్నరు. నవ్వకండి, గయానా అప్పీలు కోర్టు ఈ లెక్కను ఒప్పుకున్నది! ఆఖరికి 2019 జూన్ 18న వాళ్ళకు అన్నిటికన్న పెద్ద కోర్టైన కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్, 65ల 33 అంటే మెజారిటీయే అని తేల్చింది. 33 ఒక దిక్కుంటే రెండో దిక్కు 32 కంటె ఎక్కువ ఉండరు, ఏడో తరగతి పిల్లగాడు సుతం చెప్తడు. నా నోటుబుక్కుల ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతోని "33" రాసి రెండు గీతలు గీసిన.

ఓట్ల శాతాల జోలికి పోవద్దని కూడ చెప్పాలె. టీవీలల్ల గుండ్రటి బొమ్మ ఏసి చూపెడ్తరు, అది చూసి మోసపోతం. జమైకాల 1949ల నేషనల్ పార్టీకి ఓట్లు ఎక్కువ, లేబర్ పార్టీకి సీట్లు ఎక్కువ, 17కు 13. సెయింట్ విన్సెంట్‌ల 1998ల అయితే సగానికి పైగా ఓట్లొచ్చిన పార్టీకి 7 సీట్లు, ఓడాల్సినోళ్ళకు 8. ట్రినిడాడ్‌ల ఆ 18కి 18 రోజు కూడ పాండే పార్టీకే ఓట్లెక్కువ. గయానాల మాత్రం శాతం చూడాలె, ఎందుకంటే అక్కడ పార్టీ జాబితాకు ఓటేస్తరు, వచ్చిన ఓట్ల లెక్క ప్రకారమే 65 సీట్లు పంచుతరు.

ఇగ 2016 రాత్రికి వస్త. అంతకు ముందు 2011ల నేషనల్ పార్టీకి 42, లేబర్‌కు 21. అంత పెద్ద తేడా ఉన్నది, పోర్షియానే గెలుస్తదని చాలమంది అనుకున్నరు. వాళ్ళు టీవీ చర్చలకు కూడ రాలే. లేబర్ పార్టీ లీడర్ ఆండ్రూ హోల్నెస్ మాత్రం ఏడాదికి 15 లక్షల జమైకా డాలర్ల దాంక జీతానికి ఆదాయ పన్నే ఉండదని ఊరూరా చెప్పుకుంట తిరిగిండు. ఆ రాత్రి తొలి లెక్కల లేబర్‌కు 33, నేషనల్‌కు 30 అని వచ్చింది. ఫోన్ల నేను మా వానికి చెప్పిన, "ఆకుపచ్చోళ్ళే వచ్చేటట్టున్నరు, కానీ నేను ఇంకా పెన్సిల్ మీదనే ఉన్న. ఆఫీసుకు పో, కాకపోతే ఆకుపచ్చ అంగీ, నారింజ అంగీ రెండూ తొడుక్కోకు." వాడు తెల్ల అంగీ తొడుక్కొని పోయిండట.

పెన్సిల్ ఎందుకు మంచిదైందంటే, సౌత్ ఈస్టర్న్ సెయింట్ మేరీ అనే సీటు. తొలి లెక్కల లేబర్ మనిషి నార్మన్ డన్ గెలిచిండు. మళ్ళ ఎంచితే తారుమారై, ఆఖరికి నేషనల్ పార్టీ విన్‌స్టన్ గ్రీన్ ఐదు ఓట్లతోని గెలిచిండని తేలింది. ఐదంటే ఐదే! మన దిక్కు 1989ల అనకాపల్లి పార్లమెంటు సీటు తొమ్మిది ఓట్లతోని తేలింది, ఇది దాన్ని కూడ దాటింది. దాంతోని మొత్తం 32కు 31 అయ్యింది. ఇంకొక్క సీటు గట్ల పల్టీ కొట్టి ఉంటే ప్రధానే మారిపోతుండె. ఆ నాలుగైదు రోజులు మా ఆమె నన్ను "అత్తగారింటి లెక్క జమైకాను పట్టుకున్నడు" అని తిట్టింది.

ఇవన్నీ సాఫీగ నడిచే చోట్ల. నడవని చోట ఏం చేయాల్నో గయానా 2020 నేర్పింది. మార్చి 2న పోలింగు, ఫలితం తేలి ఇర్ఫాన్ అలీ ప్రెసిడెంట్‌గ ప్రమాణం చేసింది ఆగస్టు 2న. సరిగ్గ ఐదు నెలలు! మొత్తం పది రీజియన్లు. తొమ్మిదింటి కాడ పేచీ లేదు. రాజధాని జార్జ్‌టౌన్ ఉన్న నాలుగో రీజియన్ కాడ అంకెలు కూడేటప్పుడు బూతుల కాయితాలల్ల ఉన్నది ఒకటి, చదువుతున్నది ఒకటి అని లొల్లి మొదలైంది. అక్కడ ప్రతి బూతుల లెక్క అయినంక స్టేట్‌మెంట్ ఆఫ్ పోల్ అనే కాయితం తలుపుకు అతికిస్తరు. ఏజెంట్ల చేతుల్ల కూడ కాపీలుంటయి. ఆ కాయితాలే దేశాన్ని నిలబెట్టినయి. కరీబియన్ దేశాల నుంచి మనుషులొచ్చి కూసుంటే నెల పైన మళ్ళ ఎంచిండ్రు. అలీ వాళ్ళ పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీకి 2,33,336 ఓట్లు, సర్కారు కూటమికి 2,17,920. సీట్లు 33, 31, చిన్న పార్టీల జట్టుకు 1. మళ్ళ అదే 33!

కాబట్టి ఎక్కడన్న లెక్క మధ్యల ఆగిపోతే, ఎవరు సంబరాలు చేసుకుంటున్నరో చూడకండి. బూతు కాయితాలు బయట పెట్టింది ఎవరు, దాచిపెడ్తున్నది ఎవరు, అది నోటుబుక్కుల తేదీ వేసి రాయండి. ఆ ఐదు నెలలు మా కాలనీ గయానా పిల్ల తల్లి రోజూ మాపు వచ్చి గేటు కాడ నిలబడేది. కరోనా దినాలు, పిల్ల ఇటు రాలేదు, ఈమె అటు పోలేదు. ఆమెకు నేను చెప్పేది ఒక్కటే, "అమ్మా, ఇయ్యాల ఇన్ని పెట్టెలు అయినయి, ఇంక ఇన్నున్నయి." పెట్టెల అంకె వింటే ఆమెకు జర నెమ్మది. కారణాలు చెప్తే భయం ఎక్కువైతుండె. ఒకసారి పిల్ల అమ్మమ్మ "మనోళ్ళు ఎన్కట మద్రాసు ఓడలెక్కి గా దిక్కే పోయిండ్రంట గదా సారూ" అన్నది. నిజమే. 1838ల మొదటి ఓడలు కలకత్తా నుంచి పోయినయి, తర్వాత మద్రాసు నుంచి పోయిన కూలీలల్ల తెలుగోళ్ళు కూడ ఉన్నరు.

ఎక్కడ చూడాలె అంటే, జమైకాకు ఎలక్టోరల్ ఆఫీస్ వాళ్ళ వెబ్‌సైట్ల సీటువారీ పట్టిక ఉంటది, అదే అసలుది. 1834 నుంచి వస్తున్న గ్లీనర్ పత్రిక కథనాలు తెలుసుకునేటందుకు మంచిది, అంకెకు మాత్రం పట్టికే. ఒక అంకె రెండు చోట్ల ఒక్క తీరుగ కనబడితేనే పెన్సిల్ అంటియ్యాలె. వాట్సాప్‌ల వచ్చినయి నేను పేజీ ఎనుక రాస్త, తర్వాత చూసుకొని నవ్వుకునేటందుకు.

ఇంకొక్క మాట. గడులు కొట్టేటప్పుడు కుడి దిక్కు ఒక గడి ఖాళీగ ఇడిసిపెట్టండి. నేను ఇడవలే. సెయింట్ మేరీ వరుసల "గ్రీన్, 5" అని ఇంకుతోని రాసి, గీత గీసి, ఇగ అయిపోయిందనుకున్న. 2017 ఆగస్టుల గ్రీన్ కాలం చేసిండు. అక్టోబర్ 30న ఉప ఎన్నిక వస్తే, ఐదు ఓట్లతోని ఓడిన డన్నే గెలిచిండు. రాసేటందుకు జాగ లేక మార్జిన్ల సన్నగ, అడ్డంగ ఇరికించి రాయాల్సొచ్చింది. కండ్లద్దాలు పెట్టుకుంటే గానీ ఇప్పుడు నాకే కనబడ్తలేదు.